మేత మొక్కజొన్నకు వేరే సలహా రాయండి: చిత్తూరు, తిరుపతి జిల్లాల వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

మాది పలమనేరు తట్టు ఒక పల్లె. బోరు కింద ఉన్న కయ్యల్లో ఆవులకు మేత పండించుకుంటాం. వాన పడితే మెట్టలో శెనక్కాయ వేస్తాం. ఇంటి ఖర్చు, పిల్లల చదువు, బ్యాంకు కంతు అన్నీ పాల బిల్లు మీదే నడవాలి. పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, కుప్పం, ఎటు పోయినా పల్లెల్లో ఇదే లెక్క.

మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు గురించి రాస్తున్నాను. అది పడితే ఏం చెయ్యాలో మీరూ చెప్తున్నారు, పత్రికలూ రాస్తున్నాయి, మందుల అంగళ్ల వాళ్లూ చెప్తున్నారు. ఆ చెప్పేదంతా గింజ కోసం మొక్కజొన్న వేసే రైతుకు సరిపోతుంది. ఆవు కోసం వేసే రైతుకు అందులో సగం పనికిరాదు, కొంత ప్రమాదం కూడా. మేత మొక్కజొన్నకు వేరే సలహా తయారు చెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం. రెండు శాఖలకూ కలిపి రాయడానికి కారణం ఉంది. పైరు మీది పురుగును చూసేది వ్యవసాయ శాఖ. ఆవు కడుపులోకి పోయే మేతను చూసేది పశుసంవర్ధక శాఖ. మందు కొట్టిన మేతను ఎవరు చూడాలి?

ఈ పురుగు మన దేశపుది కాదు. పుట్టింది అమెరికా ఖండాల్లో. 2016లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర, మన దేశంలో మొదటిసారి గుర్తించారు. ఆ ఏడాదే మన రాష్ట్రంలోకీ దిగింది. గాలి అనుకూలిస్తే రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు పోగలదని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. కర్ణాటక, తమిళనాడు రెండు పొలిమేరలూ మాకు పక్కనే. మన జిల్లాలో ఎంత జాగ్రత్త పడినా కోలారు, కృష్ణగిరి తట్టు అధికారులతో మీరు మాట్లాడుకోకపోతే ఆ జాగ్రత్త సగంలో ఆగిపోతుంది. పురుగు ఉద్ధృతి అటు పెరిగినప్పుడు ఇటు కబురు రావాలి, ఇటు పెరిగినప్పుడు అటు పోవాలి.

దీని పద్ధతి మీకు తెలియంది కాదు. అయినా ఈ ఉత్తరం మా పాడి రైతులు కూడా చదువుతారు కాబట్టి నాలుగు మాటలు రాస్తాను. తల్లి పురుగు రాత్రిపూట ఆకు మీద గుడ్లు గుంపుగా పెట్టి, పైన తన ఒంటి నూగు కప్పి పోతుంది. ఒక్కొక్కటి తన జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. ఆకు మీద తెల్లటి పొరల్లాగా మచ్చలు పడేది అప్పుడే. కొన్ని దారం వదిలి గాలికి పక్క మొక్కల మీదికి పోతాయి. ఆ తర్వాత సుడిలోకి, అంటే మొక్క నడినెత్తిన లేతాకులు చుట్టుకున్న చోటికి, దిగుతాయి. అక్కడ ఒకదాన్నొకటి తినేసి, చివరికి సుడికి ఒకటో రెండో మిగులుతాయి. తల మీద తలకిందులుగా ఇంగ్లీషు 'వై' అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. పెద్దదయ్యాక సుడి నిండా రంపపు పొట్టు లాంటి రెట్ట వేసుకుని, దాని కింద దాక్కుంటుంది. ఆ రెట్ట మూతపడ్డాక పైనుంచి ఎన్ని ట్యాంకుల మందు కొట్టినా పురుగుకు తగిలేది తక్కువ, ఆకుకు పట్టేది ఎక్కువ. ఆ ఆకును తినేది మా ఆవు.

గింజ రైతు సీజనుకు ఒకసారి విత్తుతాడు. ఊరంతా ఒకే వారంలో విత్తుకోండి, ముందూ వెనకా అయితే పురుగు ఒక చేను నుంచి ఇంకో చేనుకు మారుతుంది అని అతనికి చెప్తారు. మంచి సలహా. మాకు మాత్రం అది కుదిరేది కాదు. ఆవుకు రోజూ పచ్చిమేత కావాలి. ఒక కయ్య కోతకొచ్చేసరికి ఇంకో కయ్య మోకాలెత్తు పెరిగి ఉండాలి, మూడోది మొలకెత్తుతూ ఉండాలి. మేత కోసమైతే మొక్కజొన్న 60, 70 రోజుల పైరు. అందువల్ల ఏ నెలలో చూసినా ఊళ్లో ఎక్కడో ఒకచోట లేత మొక్కజొన్న ఉంటుంది. ఎండలు ముదిరిన రోజుల్లో ఈ పురుగు గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి నెల చాలు. అంటే ఒక్క కోత లోపలే రెండు తరాలు. మా పాడి ఊళ్లలో దానికి తిండి దొరకని నెలంటూ లేదు. ఇక్కడ పెరిగిన రెక్కల పురుగులే సీజన్ వచ్చేసరికి గింజ చేల మీద, స్వీట్ కార్న్ చేల మీద పడతాయి. మేత కయ్యలను వదిలేసి గింజ చేలను కాపాడటం సాధ్యం కాదని నా గట్టి నమ్మకం. పురుగు లెక్కలు రాసేటప్పుడు గింజ మొక్కజొన్న ఎకరాల్లాగే మేత మొక్కజొన్న ఎకరాలనూ రాయండి. బోర్ల కింద అర ఎకరం, పావు ఎకరం ముక్కలుగా ఉన్నాయని వదిలేయొద్దు.

ఇప్పుడు మందుల సంగతికి వస్తాను. నాకు ఎక్కువ భయం ఇక్కడే.

కత్తెర పురుగుకు విషపు ఎర అని ఒక పద్ధతి చెప్తారు. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం నీళ్లతో కలిపి ఒక రోజు పులియబెట్టి, చల్లే ముందు 100 గ్రాముల థయోడికార్బ్ అనే పురుగుమందు కలిపి, ఉండలు చేసి సుడుల్లో వెయ్యమంటారు. గింజ చేనులో ఇది పనిచేస్తుంది. మేత కయ్యలో ఆలోచించండి. తవుడు, బెల్లం మేము రోజూ ఆవుకు తొట్టిలో కలిపి పెట్టేవే. తాడు తెంపుకున్న దూడ ఆ కయ్యలో పడితే సుడి సుడికీ వెతికి తింటుంది. మేకలు పడినా అంతే. కోసి కట్ట కట్టి తెచ్చిన మేతలో ఒక్క ఉండ మిగిలినా ఎవరికీ కనబడదు. ఈ ఎరను మేత పైరులో వాడకూడదని పెద్ద అక్షరాలతో, తెలుగులో, ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా రాయించండి. ఈ ఉత్తరంలోని అన్ని విన్నపాల్లోనూ ముందు చెయ్యాల్సింది ఇదే.

పిచికారీ మందుల్లో ఎక్కువగా వినబడేది ఎమామెక్టిన్ బెంజోయేట్, లీటరు నీళ్లకు 0.4 గ్రాములు. పశువైద్యులకు నేను చెప్పాల్సిన పని లేదు, ఇది పశువుల పేలకు, కడుపులో పురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ కుటుంబానికి చెందిన మందు. పాలిచ్చే ఆవుకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలంటే మీరు ఎంత వెనకాడతారో మేము చూస్తూనే ఉన్నాం, అది పాలలోకి దిగుతుంది కాబట్టి. మరి అదే కుటుంబపు మందును మేత మీద కొట్టి, రెండో రోజో మూడో రోజో కోసి ఆవుకు వేస్తుంటే ఎవరూ అడ్డం చెప్పడం లేదు. మా పక్కింటామె ఒక మందుల అంగడికి పోయి, పచ్చిమేతకు అని చెప్పి మరీ అడిగింది. రెండు రకాల సీసాలు ఇచ్చి కలిపి కొట్టమన్నారు. బిల్లు ఇవ్వలేదు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చెప్పలేదు. ఆమె అడిగింది కూడా. "పురుగు చస్తుందిలేమ్మా" అన్నారు. ఆ పాలు ఆమె పిల్లలు తాగుతారు, పట్నంలో ఇంకెవరి పిల్లలో కూడా తాగుతారు.

పురుగుమందు అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, కొన్నవాళ్లకు బిల్లు ఇవ్వాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఇవన్నీ ఉన్నవే. కొత్త చట్టం అడగడం లేదు. ఉన్నదాన్ని పలమనేరు, కుప్పం సందుల్లోని అంగళ్ల దాకా తీసుకురండి. బిల్లు మీద మందు పేరుతో పాటు ఏ పైరుకు ఇచ్చారో కూడా రాయించండి. "మేత" అని రాయాల్సి వస్తే ఇచ్చేవాడి చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

మందు కొట్టకపోతే మేత పోదా అని అడిగేవాళ్లున్నారు. గింజ రైతుకూ మాకూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. అతనికి కావాల్సింది నిండు కండె. మాకు కావాల్సింది ఆకూ కాడా. చిల్లులు పడిన ఆకును ఆవు తింటుంది. విషం పట్టిన ఆకు తినకూడదు. మొలక దశలో నూటికి 5 మొక్కలు దెబ్బతింటే వేప మందుతో మొదలుపెట్టమని సలహాల్లో ఉంది. మొక్క తలలో జల్లు, అంటే మగ పూత, వేసిన తర్వాత రసాయనం కొట్టినా ఖర్చు గిట్టదని శాస్త్రవేత్తలే చెప్తున్నారు. మా పైరు జల్లు వేసి కండె పాలుపట్టేసరికే కోసేస్తాం. అంటే మేము నిజంగా కాచుకోవాల్సింది విత్తిన మొదటి నెల, మహా అయితే నలభై రోజులు. ఆ తర్వాత సుడులు బాగా పాడైన కయ్యను నాలుగు రోజులు ముందు కోసి ఆవులకు వేసుకోవచ్చు. గింజ రైతుకు ఆ వీలు లేదు. ఈ చిన్న లెక్కను కరపత్రంలో బొమ్మలు వేసి చూపిస్తే మా ఊళ్లో సగం పిచికారీలు ఆగుతాయి.

ఆ మొదటి నెలలో పని గుడ్ల దగ్గరే జరగాలి. గుడ్ల గుంపు ఆకు మీద కంటికి కనబడుతుంది. చిదిమేస్తే వందకు పైగా పురుగులు ఒక్క చిటికెలో పోతాయి. కలుపు తీసేది, నీళ్లు కట్టేది, మేత కోసేది ఎక్కువగా ఆడవాళ్లం. ఆకును దగ్గరగా చూసేది మేము. కత్తెర పురుగు మీద సమావేశం మాత్రం పగలు పదకొండింటికి పెడతారు. ఆ వేళకు మేము చేలోనో కూలికో పోయి ఉంటాం. కుర్చీల్లో కూర్చునేది మగవాళ్లు. వాళ్లు వినడం తప్పని అనను, విన్నది ఇంటికి చేరడం లేదు.

ఊళ్లో అందరూ రోజుకు రెండుసార్లు కలిసే చోటు ఒకటుంది, పాల కేంద్రం. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడతాం. ఆ గోడ మీద ఒక నల్ల బోర్డు పెట్టించండి. వెన్న శాతం రాసే చోటే, ఈ వారం లింగాకర్షక బుట్టలో, అంటే ఆడ పురుగు వాసన లాంటి ఎర పెట్టి మగ పురుగులను లాగే బుట్టలో, ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో రాయండి. ఎకరానికి నాలుగైదు బుట్టలు అంటారు. మాలాంటి ముక్కల కమతాలకు మనిషికొకటి పెట్టుకోమనే కంటే ఊరికి కొన్ని బుట్టలు మీరే పెట్టి, గ్రామ వ్యవసాయ సహాయకుల చేత లెక్క రాయించడం నయం. ఆ బుట్టలో పడేవి మగ పురుగులే, దాంతో ఉపద్రవం తీరదు. కాని లెక్క పెరిగిందంటే గుడ్లు పడుతున్నాయని అర్థం. ఆ రోజు నుంచి వారం పాటు ఊరి ఆడవాళ్లందరం కయ్యల్లో తిరిగి ఆకులు తిప్పి చూస్తాం. మూడు నాలుగు వారాలకొకసారి బుట్టలో ఎర మార్చాలి. ఎర అయిపోయిన బుట్టలో పురుగు పడదు, పురుగు లేదనుకుని మేము నిమ్మళంగా ఉండిపోతాం. దయచేసి ఎరల సరఫరా మధ్యలో ఆగకుండా చూడండి.

ఊరంతా కలిసి చెయ్యడం మాకు కొత్త కాదు. శెనక్కాయ చేలకు ఎర్ర గొంగళి పురుగు పడే రోజుల్లో పెద్దవాళ్లు చేసిందంతా అదే. తొలకరి వాన పడిన కొద్ది రోజులకే నేలలోంచి రెక్కల పురుగులు లేచేవి. ఆ రాత్రుల్లో గెనిమల మీద, అంటే చేల గట్ల మీద, ఒకే వేళకు అందరూ మంటలు వేసేవాళ్లు. ఒక్కడే వేస్తే చుట్టుపక్కల పురుగులన్నీ వాడి చేను మీదికే వచ్చి పడతాయి. అందుకే ఎవరూ ఎగ్గొట్టడానికి లేదని ఊరి కట్టుబాటు. గొంగళ్లు దండుగా కదిలితే చేను అంచున కాలువ తవ్వి, జిల్లేడు మండలు, అడవి ఆముదం మండలు పరిచి, వాటి కింద చేరినవాటిని చంపేవాళ్లు. వేసవి దుక్కుల్లో భూమిలోని గూళ్లు బయటపడితే కాకులు, గోరింకలు తినిపోయేవి. కత్తెర పురుగు కూడా గూడు కట్టుకునేది నేలలోనే, రెండు మూడు అంగుళాల లోతులో. మేత కోసిన కయ్యను వెంటనే ఒకసారి దున్ని, పక్షులను రానిచ్చి, ఆ తర్వాత విత్తుకోమని మా వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. కోసిన రోజే నీళ్లు కట్టి మళ్లీ విత్తే తొందరలో ఈ పని జారిపోతోంది. చిన్న కయ్యలకు ట్రాక్టరు బాడుగ గిట్టదు. పవర్ టిల్లర్లు కొన్ని ఊరి ఉమ్మడికి ఇప్పిస్తే ఆ సాకు కూడా పోతుంది.

జీవ నియంత్రణ గురించి ఒక మాట. పురుగు గుడ్లలోనే తమ గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న కందిరీగలను అట్టల మీద పెంచి ఇచ్చే కార్డులు, అదే ట్రైకోగ్రామా కార్డులు, చెరకు రైతులకు ఎన్నో ఏళ్లుగా తెలిసినవే. మేతకు ఇంతకంటే మంచి మందు లేదు, ఆవుకు హాని లేదు, పాలకు హాని లేదు. కాని కార్డు చేతికొచ్చాక కొద్ది రోజుల్లోనే చేలో కట్టాలి. ఆలస్యమైతే కందిరీగలు ఆఫీసు బీరువాలోనే పుట్టి చచ్చిపోతాయి. గుడ్ల గుంపు మీద నూగు మందంగా ఉన్నచోట ట్రైకోగ్రామా పై వరస గుడ్లనే అందుకోగలుగుతుంది. టెలినోమస్ అనే ఇంకో రకం కందిరీగ ఆ నూగును దాటి లోపలి గుడ్ల దాకా పోగలదంటారు. ఈ రెంటినీ మన తట్టే పెంచి, బుట్టల్లో పురుగు లెక్క పెరిగిన వారంలోనే ఊళ్లకు చేర్చే ఏర్పాటు కావాలి. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చదువుకున్న పిల్లలు అంతమంది ఉన్నచోట ఇది అసాధ్యమని నేను అనుకోను.

అక్టోబరు, నవంబరు ముసురు రోజుల్లో ఇంకొకటి చూడాలి. కొన్ని పురుగులు ఆకు మీదే బిగుసుకుపోయి, ఒళ్లంతా తెల్లటి బూజుతో చచ్చి ఉంటాయి. అది మెటారైజియం రిలేయి అనే శిలీంధ్రం, పురుగుకు వచ్చే జబ్బు. అలా చచ్చిన పురుగులు కనబడుతున్న కయ్యలో మందు కొట్టక్కర్లేదు. ఆ సంగతి తెలియక, ఉన్న పురుగును చూసి కంగారుపడి ట్యాంకు భుజానికెత్తుకుంటున్నారు. ఆ పురుగును తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా ఆ ట్యాంకుకే పోతున్నాయి.

వేప గింజలు మన చెట్ల కిందే రాలిపోతున్నాయి. 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పప్పు చాలు. జూన్, జూలై నెలల్లో పండ్లు రాలేటప్పుడు మహిళా సంఘాల చేత ఏరించి, ఎండబెట్టించి, రైతు సేవా కేంద్రంలో నిలవ ఉంచితే ఏరినవాళ్లకు కూలీ దొరుకుతుంది, కయ్యకు మందు దొరుకుతుంది.

అలాగే మేత మొక్కజొన్న సాళ్ల మధ్య అలసంద, మా మాటలో కారామణి, కలిపి విత్తించండి. గెనిమ చుట్టూ మూడు నాలుగు వరసల నేపియర్ గడ్డి పెట్టించండి. ఇవి రెండూ పురుగు సలహాల్లో ఉన్నవే. గింజ రైతుకు వాటివల్ల నేల పోతుందనే బాధ ఉంటుంది. మాకు ఆ బాధ లేదు, కారామణి తీగా మేతే, నేపియరూ మేతే, పైగా పప్పుజాతి మేత కలిస్తే ఆవుకు మాంసకృత్తులు దొరుకుతాయి. ఒక్క విత్తనాల సంచిలోనే మొక్కజొన్న, కారామణి రెండు విత్తనాలూ కలిపి సబ్సిడీలో ఇవ్వొచ్చు కదా? మొక్కజొన్న విత్తనం ఒక శాఖ, కారామణి విత్తనం ఇంకో శాఖ అనుకుంటే అది ఎప్పటికీ మా చేతికి రాదు.

పరిశోధనకు సంబంధించి నాది ఒకే విన్నపం. తిరుపతిలోనే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, పలమనేరులో దాని పశు పరిశోధన కేంద్రం ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు, పశు శాస్త్రవేత్తలు కలిసి, కత్తెర పురుగుకు వాడే ఒక్కొక్క మందునూ మేత కయ్యలో కొట్టి, ఎన్ని రోజులకు ఆ మేత ఆవుకు పెట్టొచ్చో, పాలలో ఏమైనా మిగులుతోందో పరీక్షించి చెప్పండి. సుడిలో ఇసుక, సున్నం 9:1 పాళ్లలో వేసే పద్ధతి మేతకు మంచిదా కాదా అన్నది కూడా తేల్చండి. తేలేదాకా మేతకు వేప, జీవ మందులు తప్ప ఇంకేదీ సిఫారసు చెయ్యకండి.

మా తట్టు కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగి చేలు తొక్కితే తెల్లారేసరికి ఊరంతా చేరుతుంది, అధికారులు వస్తారు, ఫొటోలు తీస్తారు, నష్టం రాస్తారు. అది జరగాల్సిందే. పురుగు పడిన కయ్య దగ్గరికి అలా ఎవరూ చేరరు. పాలు తగ్గుతాయి, మేత కొనాల్సి వస్తుంది, మందు అప్పు పెరుగుతుంది. ఇవేవీ ఏ రిజిస్టరులోకీ ఎక్కవు.

పొలం పిలుస్తోంది కార్యక్రమానికి మీరు మంగళ, బుధవారాల్లో ఊళ్లకు వస్తున్నారు. రాబోయే శెనక్కాయ విత్తే కాలానికి ముందు, అందులో ఒక్క రోజు మేత కయ్యలకు ఇవ్వండి. పగలు పదకొండింటికి కాదు. సాయంత్రం పాలు పోసిన తర్వాత ఆరింటికి, పాల కేంద్రం దగ్గరికే రండి. పశువైద్యుణ్ణి కూడా వెంట తీసుకురండి. గుడ్లున్న ఆకులు, పురుగున్న సుడులు మేము కోసి తెచ్చి ఉంచుతాం. మా ఆడవాళ్లు అడిగే ప్రశ్నలకు రెండు శాఖలూ ఒకే చోట నిలబడి జవాబు చెప్పాలి.

ఇట్లు,
పలమనేరు ప్రాంతపు ఒక పాడి రైతు